గోడ అవతలి ఏడుపు

"ఆ గుడ్డలు బయట ఆరేయకు. దారినపోయేవాళ్ళు చూస్తారు," అన్నాడు హామండ్, బూట్లు తొడుక్కుంటూ.

నా చేతులు మోచేతుల దాకా బూడిదనీళ్ళలో ఉన్నాయి. తెల్లారిన దగ్గర్నుంచి రెండు విడతలు ఉడకబెట్టి, బండ మీద బాది, పిండిన పొడుగాటి పట్టీలవి. మా ఆనిస్‌ని చుట్టేవి. ఈ కొండ కింద ఏడాది మొత్తంలో బట్టలు ఆరే గాలి వీచేది కొన్నాళ్ళే. ఆ గాలి ఇవాళ వచ్చింది. ఇంట్లో పొయ్యి మీద ఆరేస్తే పొగ పట్టి గరుకు తేలుతాయి, చుట్టిన మర్నాటికి పిల్ల తొడల మీద ఎర్రగా దద్దుర్లు లేస్తాయి. ఆ సంగతి అతనికి తెలీదు. ఏడు నెలల్లో ఒక్కసారి కూడా ఆ పట్టీ విప్పి చుట్టిన చేతులు కావవి.

"చూస్తే ఏమవుతుందండీ?" అన్నాను.

"ఇంట్లో చంటిపిల్ల ఉందని తెలుస్తుంది."

"ఉంది కదా."

"మంగళవారం నుంచి ఉండదుగా. ఈ రెండ్రోజులూ కాస్త ఓపిక పట్టు, సిబిల్." మెల్లిగానే అన్నాడు. కసురుకుని ఉంటే బాగుండేది. నేనూ ఒక మాట అనేసి ఊరుకునేదాన్ని. గడప దగ్గర ఆగి, "నీకు మాత్రం మంచి జరగదా? కోటకి అధికారి పెళ్ళానివి అవుతావు. ఈ పట్టీలు ఉతకడానికి పనిమనిషి ఉంటుంది," అన్నాడు.

ఏ పిల్ల పట్టీలు ఉతుకుతుంది ఆ పనిమనిషి? అడుగుదామనుకున్నాను. అప్పటికే అతను గుర్రపుశాల వైపు దిగిపోయాడు. నేను బట్టలు తీసుకెళ్ళి పెరట్లో, అందరికీ కనపడేలా, కంచె పొడుగునా ఆరేశాను. అత్తగారు పెరటి గుమ్మంలో ఎండు బఠాణీలు వొలుస్తూ చూసింది.

కోటలో దొరసాని గారికి పుట్టబోయే బిడ్డకి పాలమ్మగా నన్ను ఎంచుకున్న రోజు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మా దొరగారు రేనల్డ్ రాజుగారికి పెద్ద తమ్ముడు. ఆయన భార్య ఇడోనియా దొరసాని గర్భంతో ఉంది. పుట్టబోయేది రాజరక్తం కాబట్టి పాలిచ్చే మనిషి కూడా మామూలు మనిషి అయితే కుదరదు. మా ఆనిస్‌కి అప్పుడు మూడు నెలలు. వైద్యుడు నా నోరు తెరిపించి పళ్ళు చూశాడు. జుట్టు విప్పమన్నాడు. నా పాల చుక్క ఒకటి గోరు మీద వేసుకుని, చెయ్యి వంచి, జారుతుందా నిలుస్తుందా అని చూసి, నాలుకతో రుచి కూడా చూశాడు. సంతలో పశువుని చూసినట్టు చూశాడంటే సరిపోదు, పశువుతో ఎవరూ "సిగ్గుపడకు" అనరు. హామండ్ పక్కనే నిలబడి ఉన్నాడు. అతని మొహం వెలిగిపోతోంది. "మా ఆవిడ పాలు మొదట్నుంచీ చిక్కనేనండీ," అన్నాడు, తనే పిండినట్టు.

కోట పెత్తనందారు నియమాలు చెప్పాడు. నా పాలు ఇక దొరబిడ్డవి. నా బిడ్డని కొండ మీద పొలంలో ఎవరికైనా ఇచ్చేయాలి. ఒకే మనిషి పాలు ఇద్దరు తాగితే దొరబిడ్డకి పలచబడతాయట. నేను ఏం తినాలో, ఎప్పుడు పడుకోవాలో, నా మొగుడు నా పక్కలోకి రావచ్చో రాకూడదో, అన్నీ ఆయనే చెప్పాడు. అత్తగారు ఆ సాయంత్రం బీరు పోసుకుంటూ, "నీ అదృష్టమే. నాకు ఏడుగురు పుట్టారు, ఒక్కడి పాలకైనా ఎవరూ విలువ కట్టలేదు," అంది. ఆ మాటలో ఎంత వెటకారం ఉందో, ఎంత నిజం ఉందో నాకు అప్పుడు తెలీలేదు.

క్రిస్మస్‌కి మూడు వారాల ముందు ఇడోనియా దొరసానితో పాటు మమ్మల్ని కొందరు ఆడవాళ్ళని పురిటి గదిలో పెట్టి తలుపు మూశారు. కిటికీలకి మందపాటి తెరలు, తాళపు చెవి రంధ్రంలో కూడా ఉన్ని కుక్కారు. అక్కడి నుంచి మగపురుగు లోపలికి రాకూడదు, దొరగారైనా సరే, వైద్యుడైనా సరే. తిండి తలుపు దగ్గర పెట్టి వెళ్ళేవాళ్ళు. రొట్టె కోసేది, పాత్రలు అందించేది, ద్రాక్షసారా పోసేది, తలుపు కాపలా కాసేది, అంతా మేమే. మంత్రసాని హవీస్ మా అందరికీ పెద్ద. ఆ గదిలో గాలి ఆడేది కాదు, చెమటా నూనె దీపాలూ కలిసిన వాసన. అయినా చెబుతున్నాను, ఎవరూ నన్ను "ఏమే" అని పిలవని నెల రోజులు నా జన్మలో అవే.

ఇడోనియా దొరసాని నాకన్నా రెండేళ్ళు చిన్నది. ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. ఈ మూడో కడుపు మీద ఎంతమంది కళ్ళున్నాయో ఆమెకి తెలుసు. ఆమె తండ్రి మగపిల్లలు లేకుండా పోయాడు. సగం ఉత్తరదేశం ఆయనదే. ఆ భూములు ఇద్దరు కూతుళ్ళకీ చెరిసగం వచ్చాయి. పెద్దమ్మాయి ఇడోనియాని మా రేనల్డ్ దొర చేసుకున్నాడు. చిన్నమ్మాయి పెట్రొనెల్‌ని, అన్నకి ఎక్కడ ఎక్కువ చిక్కుతుందోనని, ఆయన తమ్ముడు గైల్స్ దొర చేసుకున్నాడు. అప్పటి నుంచి అన్నదమ్ములిద్దరూ రాజుగారి భోజనాల బల్ల దగ్గర కూడా ఒకరి మొహం ఒకరు చూసుకోరు. అక్కచెల్లెళ్ళు మాత్రం చాటుగా ఉత్తరాలు రాసుకునేవాళ్ళు. "మా ఆయన ఉత్తరంలో నా కడుపుని కుశలమడుగుతారు, సిబిల్. నన్ను కాదు," అనేది దొరసాని. నవ్వుతూనే అనేది.

మా దేశంలో ఒక చట్టం ఉంది. పెళ్ళాం భూమి పెళ్ళాంది. ఆమె పిల్లలు లేకుండా పోతే ఆమె పుట్టింటి వాళ్ళకి వెళ్ళిపోతుంది, ఇక్కడైతే చెల్లెలు పెట్రొనెల్‌కి, అంటే గైల్స్ దొర ఇంటికి. కానీ ఒక్క బిడ్డయినా ఆమెకి ప్రాణంతో పుడితే, ఆ బిడ్డ తర్వాత బతికినా పోయినా, ఆ భూమి మొగుడికి బతికున్నంత కాలం ఉంటుంది. ప్రాణంతో పుట్టిందని రుజువేమిటి? ఏడుపు. గది నాలుగు గోడల మధ్య ఏడిస్తే, గోడ అవతల ఉన్న మగవాళ్ళు వినాలి. లోపల ఉండి, రక్తంలో చేతులు పెట్టి, బిడ్డని బయటికి లాగిన ఆడవాళ్ళ మాట దీనికి చెల్లదు. కచేరీలో ఆడదాని మాట ఎవరు రాసుకుంటారు? బయట నడవలో చలి కాచుకుంటూ నిలబడ్డ మగాడి చెవి చెల్లుతుంది. దొరసానికి ఇంతకు ముందు పుట్టిన బిడ్డలిద్దరూ నోరు తెరవకుండానే పోయారు. అందుకే ఈసారి నొప్పులు మొదలవగానే నమ్మకమైన ఐదుగురు మగవాళ్ళని ఏరి నడవలో నిలబెట్టారు. అందులో మా హామండ్ ఒకడు.

ఆనిస్ సంగతి చెప్పాలి. దానిని కొండ మీదకి పంపేశానని ఊరందరికీ తెలుసు. నిజంగానే పంపాను. పది రోజులకే నా రొమ్ములు రాయిలా బిగుసుకుని జ్వరం వచ్చింది. దొరసాని నా నుదుటి మీద తన చేత్తో తడిగుడ్డ వేసి, "నీ పిల్ల ఎక్కడుంది?" అని అడిగింది. చెప్పాను. ఆమె హవీస్‌ని పిలిచి, "ఆ పిల్లని తెప్పించు. ఎవరికీ తెలియక్కర్లేదు. ఈ గదిలో పసిపిల్ల చప్పుడు వినాలని ఉంది నాకు," అంది. హవీస్ తన పెద్ద కంబళి కింద దాచి తీసుకొచ్చింది. ఆ రోజు నుంచి ఆనిస్ మంచం వెనక తెర చాటున మాతోనే ఉంది. దానికి చప్పుడు చెయ్యకుండా ఉండటం అలవాటయింది. ఏడవబోతే నేను వెంటనే రొమ్ము అందించేదాన్ని. దొరసాని దానిని ఒడిలో పెట్టుకుని దాని వేళ్ళు లెక్కపెట్టేది, రోజూ లెక్కపెట్టేది.

క్రిస్మస్ తర్వాత వచ్చే ముగ్గురు రాజుల పండుగ వెళ్ళిన మూడో రోజు, పట్టపగలు, బయట మంచు పడుతుండగా బాబు పుట్టాడు. నీలంగా పుట్టాడు. మెడకి పేగు రెండు చుట్లు చుట్టుకుని ఉంది. హవీస్ నోట్లో నోరు పెట్టి ఊదింది. ద్రాక్షసారాతో రుద్దింది. పాదాల మీద కొట్టింది. నేను దొరసాని భుజాలు పట్టుకుని ఉన్నాను. ఆమె కింద పరుపు తడిసిపోతోంది, ఎంత గుడ్డ పెట్టినా ఆగడం లేదు. హవీస్ నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. గదిలో ఎవరూ ఊపిరి పీల్చలేదు. ఆ నిశ్శబ్దానికి తెర వెనక ఆనిస్‌కి మెలకువ వచ్చింది. గంట నుంచి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నోరంతా తెరిచి కేక పెట్టింది, మధ్యలో ఆగి, మళ్ళీ అందుకుంది.

గోడ అవతల మగవాళ్ళు గట్టిగా అరిచారు. ఎవరో గంట కొట్టడానికి పరిగెత్తారు. దొరసాని కళ్ళు తెరిచింది. ఆ కళ్ళని నేను చచ్చేదాకా మర్చిపోను. "ఏడ్చాడా?" అంది.

"ఏడ్చాడమ్మా," అన్నాను నేను. "గట్టిగా ఏడ్చాడు."

ఆమె నవ్వింది. ఆ నవ్వుతోనే పోయింది.

కాబట్టి ఆ అబద్ధం మొదట ఆడింది నేనే. నాకు దాని గురించి పశ్చాత్తాపం లేదు. ఆ అబద్ధం ఆమె కోసం ఆడాను, ఆమె మొగుడి భూముల కోసం కాదు. సాయంత్రం హవీస్ తలుపు తీసి, దొరసానీ బాబూ ఇద్దరూ పోయారని చెప్పినప్పుడు పెత్తనందారు అడిగిన మొదటి మాట, "బాబు ఏడ్చాడు కదా?" హవీస్ నోరు తెరిచేలోపే, "ఏడ్చాడు. మేం విన్నాం. చాలు," అని తనే జవాబు చెప్పేసుకున్నాడు. లోపల ఏం జరిగిందని ఆ రోజు నుంచి ఈ రోజు దాకా మాలో ఒక్కరినీ ఎవరూ అడగలేదు. హవీస్‌ని వారం తిరక్కుండా సముద్రపొడ్డున ఉన్న ఆమె కొడుకు దగ్గరికి పంపేశారు. నేను ఆనిస్‌ని ఇంటికి తెచ్చుకున్నాను, కొండ మీద నుంచి తెచ్చాననే హామండ్‌తో సహా అందరూ అనుకున్నారు.

నేను చేసిన తప్పు ఒకటుంది. హామండ్‌కి చెప్పాను.

అతను ఆ రోజు నుంచీ ఆ ఏడుపు గురించే మాట్లాడేవాడు. "గుండె ఝల్లుమంది, సిబిల్. మేమంతా ఒక్కసారే మోకాళ్ళ మీద పడ్డాం. నాకు కన్నీళ్ళాగలేదు. నా చెవులతో విన్నాను రాజుగారి తమ్ముడి బిడ్డ గొంతు!" బీరు తాగినా అదే, తాగకపోయినా అదే. ఆ మురిపెం చూస్తుంటే నాకు నవ్వొచ్చేది, ఏడుపొచ్చేది. ఒక ఆదివారం ప్రార్థన నుంచి వస్తూ దారిలో చెప్పేశాను. నేనెంత పిచ్చిదాన్నంటే, అతను సంతోషిస్తాడనుకున్నాను. నీకు కన్నీళ్ళు తెప్పించింది నీ కూతురేనయ్యా అంటే మురిసిపోతాడనుకున్నాను.

అతను దారిలోనే ఆగిపోయాడు. "నువ్వు చెప్పేది అబద్ధం," అన్నాడు.

"మీ కూతురి గొంతు మీకు తెలీలేదా?"

"పసిపిల్లలందరూ ఒకలాగే ఏడుస్తారు కదే!"

ఒకలాగే ఏడుస్తారా? అప్పుడే పుట్టిన బిడ్డ ఏడుపు మేకపిల్ల అరుపులా తెగి తెగి వస్తుంది, గొంతులో ఇంకా నీళ్ళుంటాయి. ఐదు నెలల పిల్ల ఏడుపులో కోపం ఉంటుంది, మనిషిని పిలవడం ఉంటుంది, మధ్యలో ఆగి ఎవరైనా వస్తున్నారా అని వినడం ఉంటుంది. ఏ ఆడదాన్ని నిద్రలేపి అడిగినా చెబుతుంది. ఆ నడవలో ఐదుగురు నిలబడ్డారు. అందులో నలుగురు తండ్రులు. మొత్తం కలిపి పంతొమ్మిది మంది పిల్లల తండ్రులు. ఒక్కరికీ తేడా తెలియలేదు. వాళ్ళని తప్పు పట్టాలని కాదు. వాళ్ళ ఇళ్ళల్లో పసిపిల్ల ఏడ్చినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి వెళ్ళేవాళ్ళు కదా, వాళ్ళు వినాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

హామండ్ చెడ్డవాడు కాదు. ఆ మాట నేను నమ్ముతాను. గుర్రాల వాడికి మూడో కొడుకు. ఒక గుర్రం కుంటిందని రేనల్డ్ దొర అందరి ముందూ కొరడా పిడితో మొహం మీద కొడితే, ఆ వాపుతోనే ఇంటికి వచ్చి, "నా తప్పే," అన్నవాడు. ఇప్పుడదే దొర అతన్ని పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఐదుగురు సాక్షులకీ ఏదో ఒకటి ఇస్తానన్నాడు, హామండ్‌కి చిన్న కోట మీద అధికారం. రెండు రోజులు అన్నం నీళ్ళు లేకుండా తిరిగి, మూడో రోజు వెళ్ళి పెత్తనందారుకి నేను చెప్పింది చెప్పేశాడు. నిజం ఒప్పుకోవడానికే వెళ్ళానన్నాడు. అదీ నమ్ముతాను. కానీ పెత్తనందారు గుమ్మం దాటి బయటికి వచ్చేసరికి వేరే మాటతో వచ్చాడు.

"ఆనిస్ మొదట్నుంచీ కొండ మీదే ఉంది. గదిలోకి రాలేదు. అర్థమైందా? గైల్స్ దొర మనుషులు ఊళ్ళో తిరుగుతున్నారు, గదిలో ఇంకో బిడ్డ ఉందా అని ఆరా తీస్తున్నారు. మంగళవారం రాజుగారి అధికారి వచ్చి విచారణ చేస్తాడు. ఆ రోజుకి పిల్ల ఇక్కడ ఉండకూడదు."

"ఎక్కడుండాలి?"

"రెండ్రోజుల దారిలో సన్యాసినుల మఠం ఉంది. ఎవరి పిల్ల అని అడగరు. పేరు మారుస్తారు. బాగా చూసుకుంటారు."

"ఎన్నాళ్ళు?"

అతను పొయ్యిలో కట్టె ఎగదోశాడు. నేను మళ్ళీ అడిగాను. "ఎన్నాళ్ళండీ?"

"మనకి మళ్ళీ పిల్లలు పుట్టరా ఏమిటి?" అన్నాడు, నా భుజం మీద చెయ్యి వేసి. ఓదార్పు అనుకున్నాడు పాపం.

అప్పుడు నేను నోరెత్తి ఉంటే? ఎవరితో ఎత్తను? గైల్స్ దొర మనుషులతో చెబితే, వాళ్ళకీ నా పిల్ల సాక్ష్యపు వస్తువే, లాక్కుపోయి ఏ కోటలో దాస్తారో. చర్చి పెద్ద రేనల్డ్ దొర పెట్టిన తిండి తింటున్నాడు. ఈ అన్నదమ్ముల పోట్లాటలో ఇద్దరు అక్కచెల్లెళ్ళ పేర్లే ఎవరూ తలవడం లేదు, నా కూతురి పేరు ఎవరికి కావాలి? భూమి ఎవరికి పోతే నాకేమిటి అని కూడా అనుకున్నాను, నిజం చెప్పాలంటే. కానీ ఎన్నిసార్లు అనుకున్నా చివరికి ఒక్కటే మిగిలేది. మంగళవారం మధ్యాహ్నం ఒక బండి వస్తుంది, దాంట్లో నా పిల్ల ఎక్కుతుంది, రెండేళ్ళు పోయాక నేను కనపడినా నన్ను గుర్తుపట్టదు.

మంగళవారం పొద్దున్నే హామండ్ శుభ్రమైన చొక్కా తొడుక్కుని విచారణకి వెళ్ళాడు. పోతూ ఆనిస్ తల నిమిరాడు. నేను పిల్లకి కంచె మీద ఆరిన పట్టీ చుట్టి, జావ కాద్దామని పొయ్యి దగ్గర కూర్చున్నాను. కాయలేదు. అత్తగారు ఎదురుగా కూర్చుని అల్లిక పని పట్టుకుంది. తల ఎత్తకుండానే, "నా రెండోదాన్ని ఇలాగే పంపాను," అంది.

నాకు తెలీదు ఆ సంగతి. పదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం.

"కరువు వచ్చిన ఏడు. మీ మామగారు చెప్పారు, పంపాను. ఆడపిల్లేగా, కడుపుకింత తిండైనా దొరుకుతుంది అనుకున్నాను. దాని పేరు మరియట్." దారం తెంపింది. "మొహం గుర్తుకు తెచ్చుకుందామని చూస్తాను. నాకు గుర్తు రాదే. గొంతు మాత్రం వినిపిస్తుంది. ఇప్పుడు నువ్వు దాన్ని ఎత్తుకో. ఊరికే కూర్చున్నావేం?"

"బండి వస్తుంది కదా అత్తా."

"వస్తే నేను మాట్లాడతాను. ముసలిదాన్ని, చెవుడు వచ్చినట్టుంటాను. నువ్వు వెళ్ళు."

ఎక్కడికి వెళ్ళాలో ఆమె చెప్పలేదు. నేనూ చెప్పలేదు. పిల్లని చంకనెత్తుకుని, పైన శాలువా కూడా కప్పకుండా, కోట వైపు కొండెక్కాను. దారిలో ఇద్దరు ముగ్గురు చూశారు. పాలమ్మని పిల్లతో చూస్తే ఎవరికి వింత? కోటలో అందరూ పై అంతస్తు నడవలోనే ఉన్నారు. వెనక మెట్లు ఆడవాళ్ళవి, నీళ్ళు మోయడానికీ మైల గుడ్డలు దించడానికీ. అక్కడ ఎప్పుడూ కాపలా ఉండదు. ఆ మెట్ల మీదుగా పురిటి గదిలోకి వెళ్ళి, చల్లగా ఉన్న మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. కిటికీ తెరలు తీసేశారు. వెలుగులో ఆ గది ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది.

తలుపు అవతల విచారణ నడుస్తోంది. ప్రతి మాటా వినిపిస్తోంది. రాజుగారి అధికారి, ఆయన గుమాస్తా, జిల్లా నుంచి ప్రమాణం చేసి వచ్చిన పన్నెండుమంది పెద్దమనుషులు, మా పెత్తనందారు, గైల్స్ దొర తరపు వకీలు, ఐదుగురు సాక్షులు. దొరసాని ఎలా పోయిందని ఎవరూ అడగడం లేదు. బాబు ఎంతసేపు బతికాడని అడుగుతున్నారు. హామండ్ వంతు వచ్చింది. సువార్త పుస్తకం మీద చెయ్యి పెట్టమన్నారు.

"నా చెవులతో విన్నానండీ," అన్నాడు నా మొగుడు. ఆ గొంతులో పాత మురిపెం లేదు.

"ఎలాంటి ఏడుపు?" అన్నాడు వకీలు.

"గట్టి ఏడుపండీ."

"ఇంత మందం తలుపులోంచి?"

"వినిపించిందండీ."

"అప్పుడే పుట్టిన బిడ్డ ఏడుపు, ఇంత మందం తలుపులోంచి, నీకు అంత గట్టిగా వినిపించింది. అంతేనా?"

ఆనిస్‌కి ఆకలేసింది. పొద్దున్నుంచి పాలు పట్టలేదు, నేను మర్చిపోయి కాదు. నా రవిక ముడి వెతుక్కుంటోంది. చిన్న చేతులతో లాగుతోంది. నా పాలు ఉబికి వచ్చి గుడ్డ తడిసిపోతోంది. ఏడు నెలలుగా దాని గొంతు లేవకముందే నోరు మూయించాను. ఇంట్లో అత్తగారు లేస్తుందని, హామండ్‌కి నిద్ర చెడుతుందని, ఈ గదిలో బయట మగవాళ్ళు వింటారని. ఇవాళ నా చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అది నా మొహంలోకి చూసింది. ఏమిటిది అన్నట్టు చూసింది. నాకు గుండె పగిలిపోయింది. అయినా ముడి విప్పలేదు.

నోరంతా తెరిచి ఏడ్చింది నా తల్లి.

గోడ అవతల ఒక్కసారి అంతా ఆగిపోయింది. ఎవరో కుర్చీ తన్నేశారు. ఐదుగురిలో పెద్దవాడు, వేటకుక్కల పెంపకందారు ముసలి పియర్స్, నలభై కుక్కల్లో ఏది అరిచిందో పొదల చాటు నుంచే చెప్పగలవాడు, గట్టిగా దేవుణ్ణి తలుచుకున్నాడు. "ఇదే! అయ్యా, ఇదే గొంతు! ఆ రోజు విన్నది ఇదే! మధ్యలో ఆగి మళ్ళీ అందుకుంటోంది, వినండి, అచ్చం ఇదే!" దెయ్యమనుకున్నాడు కాబోలు. మిగతావాళ్ళు కూడా గొణిగారు, అవునవును, ఇదే, ఇలాగే. పెత్తనందారు మాత్రం, "తలుపు తియ్యద్దు," అన్నాడు.

అధికారి తీయించాడు.

అప్పటికి నేను ముడి విప్పేశాను. ఆనిస్ వెక్కుతూ పాలు తాగుతోంది. లేచి నిలబడలేదు. అంతమంది మగవాళ్ళు గుమ్మంలో నిలబడి, లోపలికి అడుగు పెట్టాలో వద్దో తెలియక, గడప మీదే ఆగిపోయారు. పన్నెండుమంది పెద్దమనుషులు నా వైపు, పిల్ల వైపు, పియర్స్ వైపు చూస్తున్నారు. ఒక్కొక్కరి మొహంలో అర్థమవడం నాకు కనిపించింది. అధికారి నన్నేమీ అడగలేదు. హామండ్ వైపు తిరిగాడు.

"ఎవరీవిడ?"

"నా భార్యండీ."

"ఆ బిడ్డ?"

అతని చెయ్యి ఇంకా పుస్తకం మీదే ఉంది, తీయడం మర్చిపోయాడు. వెనక పెత్తనందారు ఉన్నాడు. ఆ పైన దొర, దొర చేతిలో కొరడా, చిన్న కోట మీద అధికారం. తెలియదంటాడనుకున్నాను. అంటే ఏం చెయ్యాలో కూడా అనుకున్నాను. పిల్లని తీసుకుని సముద్రపొడ్డుకి, హవీస్ దగ్గరికి. హామండ్ ఆనిస్‌నే చూస్తున్నాడు. అది పాలు వదిలి తల తిప్పి, ఆ గొంతు ఎవరిదా అన్నట్టు అతన్ని చూసింది.

"నా కూతురండీ," అన్నాడు. "ఆనిస్."

దాచుకోవడమెందుకు, ఆ క్షణంలో అతని మీద నాకు ప్రేమ కలిగింది. ఆ తర్వాత ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఇల్లుండదు, గుర్రపుశాల ఉండదు. ముందు అతనికి శిక్ష పడుతుందో, దొర కోపం పడుతుందో చెప్పలేం.

"ఆ రోజు ఈ పిల్ల ఇక్కడ ఉందా?" అన్నాడు వకీలు, నా వైపు అడుగు వేస్తూ. గుమాస్తా కలం తీశాడు.

పెత్తనందారు అడ్డం వచ్చాడు. "అధికారి గారూ, ఈ విషయంలో ఆడదాని మాట చెల్లదు. చట్టం తమకి తెలుసు."

అధికారి గుమాస్తాని కలం దించమని సైగ చేశాడు. నా వైపు చూసి, కొంచెం ఇబ్బంది పడుతూ, "నిజమేనమ్మా. నీ మాట రాసుకోవడానికి చట్టం ఒప్పుకోదు," అన్నాడు.

"రాయకండి," అన్నాను, ఆనిస్‌ని రెండో వైపుకి మార్చుకుంటూ. "నేనేమీ చెప్పలేదు కదండీ. విన్నది మీరే."